చీపురు సిపాయి బరువు

జూన్ 4

అన్నయ్యా,

ఎలా ఉన్నావని అడగను. బాగానే ఉండుంటావు, లేకపోతే వదిన చెప్పేది. ఫోన్ చేద్దామని రెండుసార్లు నంబరు నొక్కి ఆపేశాను. ఫోన్లో అయితే మనిద్దరం మూడో నిమిషంలో పోట్లాటకి దిగుతాం. ఉత్తరమైతే కోపం వచ్చిన చోట చించేసి మళ్ళీ రాసుకోవచ్చు. ఇది రెండో కాగితం.

నాన్న పోయి నాలుగు నెలలు దాటింది. షాపు షట్టరు మొన్న మొదటిసారి ఎత్తాను. మందుల కాలేజీ మేడమ్ ఒకావిడ వచ్చి, నాన్న గాజుపెట్టె త్రాసు కాలేజీకి ఇస్తారా అని అడిగింది. ఆవిడ చదువుకునే రోజుల నుంచీ అక్కడి త్రాసులన్నీ నాన్నే బాగుచేసేవాడట. దీన్ని వాళ్ళ హాల్లో పెట్టి, కింద ఇత్తడి పలక మీద నాన్న పేరు చెక్కిస్తారట. ముందు ఒకసారి పరీక్ష చేస్తారు, సరిగ్గా తూగితేనే తీసుకుంటారు. జులై ఇరవై అయిదున వస్తామన్నారు. "ఒకసారి కాదు, పదిసార్లు పరీక్ష చేసుకోండి" అన్నాను. నలభై ఏళ్ళు అందరి త్రాసులూ సరిచేసిన మనిషి. ఆయన త్రాసుకేం భయం?

సరే, దుమ్ము దులుపుదామని గాజు తలుపు తీశాను. నీకు గుర్తుందిగా, నాన్న ఆ త్రాసుని ఎవరినీ ముట్టుకోనిచ్చేవాడు కాదు. పోయే ముందు నెలలో కూడా, చెయ్యి వణుకుతున్నా సరే, పొద్దున్నే వెళ్ళి పళ్ళాల అడుగున వేలితో తడిమి చూసుకునేవాడు. దుమ్ముందేమోనని చూస్తున్నాడనుకునేదాన్ని. ఆయన పోయాక ఎవరూ తడమలేదు కాబట్టి అంతటా దుమ్మే. పెట్టెలో వెనక మూల, ఆ దుమ్ములో ఒక నాణెం పడి ఉంది. పసుపు పచ్చగా ఉంది. ఇత్తడి కాదు. ఇత్తడి బొత్తాలు నేను రోజుకి వంద కుడతాను, ఆ మాత్రం తేడా తెలుసు.

ఒకవైపు ఇనప చొక్కా తొడుక్కున్న సిపాయి నిలబడి ఉన్నాడు. ఒక చేతిలో కత్తి, ఇంకో చేతిలో చీపురు. నవ్వకు, చీపురే. రెండోవైపు ఒక చదరపు గళ్ళో అక్షరాలు, కొంత మేర నల్లటి జిగురులాంటిది అంటుకుని ఉంది. మీ బావగారు కంసాలికి చూపిద్దామన్నారు. వద్దన్నాను. ఇంట్లో నాణేలు చదివేవాడు ఒకడుండగా బయటివాళ్ళ దగ్గరికెందుకు? ఆ జిగురు కడిగేసి ఫోటో తీయించి పంపనా?

ఇది ఏమిటో, నాన్న దగ్గరికి ఎలా వచ్చిందో నీకేమైనా తెలుసా?

చిట్టి


జూన్ 11

చిట్టీ,

కడగొద్దు! ఈ మాట ముందు రాసి తరవాత మిగతా ఉత్తరం రాస్తున్నాను. సబ్బు వద్దు, చింతపండు వద్దు, ముగ్గుపిండి వద్దు, చీరకొంగుతో తుడవడం కూడా వద్దు. జిగురు ఉంటే ఉండనీ. పాత నాణెం మీది మురికి కూడా దాని చరిత్రే. నీ ఉత్తరం మా మ్యూజియం నాణేల గదిలో చదువుతూ పైకే "కడగకే తల్లీ" అన్నాను. మా విభాగం పెద్దాయన కళ్ళజోడు మీంచి చూశాడు.

నీ సిపాయి చేతిలో ఉన్నది చీపురు కాదు, బాణాల కట్ట. మొత్తం ఏడుంటాయి. నువ్వు చెప్పిన గుర్తుల్ని బట్టి అది డుకాటు. హాలండు వాళ్ళు రెండు వందల ఏళ్ళకి పైగా అదే బొమ్మతో కొట్టిన బంగారు నాణెం. వాళ్ళ వర్తకుల ఓడలు ఆగని రేవు లేదు కాబట్టి ఎక్కడైనా తేలుతుంది. అయినా బొమ్మ ఒక్కటీ చూసి తేల్చకూడదు. ఆ బొమ్మకి నకళ్ళు కూడా బోలెడు. నాకు నాలుగు కావాలి. ఒకటి, బరువు. నాన్న త్రాసు మీదే తూచు, మిల్లీగ్రాముల రాళ్ళు వాడు. రెండు, వెడల్పు. మూడు, పల్చటి కాగితం మీద పెట్టి పెన్సిల్‌తో రుద్దిన అచ్చు. నాలుగు, సిపాయి చుట్టూ ఉన్న అక్షరాల్లో చివరి మూడు.

ఇక్కడ ప్రతి నాణేనికీ అరచేతిలో పట్టేంత చీటీ ఒకటి రాస్తాను. లోహం, రకం, బరువు అన్నీ నాణెం చూసి నింపెయ్యొచ్చు. చివర్న ఒక గడి ఉంటుంది, "ఎలా వచ్చింది" అని. నాణెం ఆ ఒక్క సంగతీ తనంతట తాను చెప్పదు. పదకొండేళ్ళలో వేల చీటీలు రాశాను, సగానికి పైగా ఆ గడిలో "తెలియదు" అనే రాశాను. ఎప్పుడు రాసినా చిన్నతనంగానే ఉంటుంది.

దీని సంగతి మాత్రం నాకు తెలుసు. నాకప్పుడు పదేళ్ళు, నీకు ఆరు. ఒక కంసాలి భార్య, ముసలావిడ, మొగుడు పోయాక ఆయన త్రాసు పట్టుకొచ్చింది. నాన్న మూడు వారాలు కూచుని బాగుచేశాడు. ఆవిడ కూలి కింద రుమాలు విప్పి బల్ల మీద రెండు నాణేలు పెట్టింది. నాన్న ఒకటి ఇటు పళ్ళెంలో, ఒకటి అటు పళ్ళెంలో వేసి, పళ్ళాల్ని వదిలే మీట తిప్పాడు. ముల్లు నిట్టనిలువుగా ఆగింది. నాన్న పకపకా నవ్వాడు. ఆయన అలా నవ్వగా మళ్ళీ నేను చూడలేదు. ఆయన ముల్లు చూస్తున్నాడు, నేను సిపాయిని చూస్తున్నాను. నేను ఈ ఉద్యోగంలోకి రావడానికి అసలు కారణం ఆ సిపాయే. ఆ మాట నాన్నతో చెప్పే వీలు రాలేదు.

కాబట్టి రెండు ఉండాలి. రెండోది ఎక్కడుంది?

అన్నయ్య


జూన్ 17

అన్నయ్యా,

రెండోది ఎక్కడుందో నాకు తెలియదు. ఉన్నది ఒకటే. నేను రాసిందీ ఒకటనే. గాజుపెట్టె, రాళ్ళపెట్టె, సొరుగులు, నాన్న కోటు జేబులు, చివరికి నా బొత్తాల డబ్బా కూడా బోర్లించి వెతికాను. మీ బావగారైతే మంచం కింద దూరి నడుం పట్టేసుకున్నారు.

పదకొండేళ్ళు నాన్నకి మందులిచ్చి, గోళ్ళు తీసి, ఆయన విసుక్కుంటే పడి, ఆయన అలిగితే బతిమాలి చూసుకున్నాను. నువ్వు ఆయన పోయినప్పుడు ఒక్క పూట వచ్చి వెళ్ళావు. మంచినీళ్ళయినా కూచుని తాగలేదు. నాణెం దొరగ్గానే దాచుకోకుండా నీకు రాసినందుకు "రెండోది ఎక్కడుంది" అని అడుగుతావా? పోలీసువాడు కూడా ముందు కూచోబెట్టి అడుగుతాడు. నీ చీటీలో "ఎలా వచ్చింది" అన్న గడిలో "చెల్లెలి దగ్గర లాక్కున్నది" అని రాసుకో.

ఇదిగో నీ బరువు. నాన్న ఉంటే తిట్టేవాడు, నాది ఎడమచేతివాటం కదా, నాణెం కుడి పళ్ళెంలో పెట్టి రాళ్ళు ఎడమ పళ్ళెంలో వేశాను. ఆరు గ్రాముల తొమ్మిది వందల అరవై మిల్లీగ్రాములు. మూడుసార్లు తూచాను, మూడుసార్లూ అంతే. చివరి అక్షరాలు టి, ఆర్, ఏ. పెన్సిల్ అచ్చు తియ్యడానికి ఇవాళ మనసు లేదు.

ఇట్లు,
నీ చెల్లెలు


జూన్ 23

చిట్టీ,

తప్పంతా నాదే. ఆ వాక్యం మళ్ళీ ఒకసారి నీ కళ్ళతో చదువుకున్నాను. నిజమే, దొంగని నిలదీసినట్టే ఉంది. నేను అడిగింది నిన్ను కాదు, నా జ్ఞాపకాన్ని. కాగితం మీద ఆ తేడా తెలియలేదు. బావగారి నడుం ఎలా ఉందో రాయి.

నీ బరువుతో చిక్కు విడిపోయింది. డుకాటు మూడున్నర గ్రాములుంటుంది, ఇంకా చెప్పాలంటే ఒక పిసరు తక్కువ. నీది దాదాపు ఏడు. అంటే అది మామూలు డుకాటు కాదు, రెట్టింపు డుకాటు. అదే సిపాయి, అదే కట్ట, వెడల్పు ఎక్కువ. మామూలువి వేలల్లో దొరుకుతాయి, రెట్టింపువి అరుదు. మా మ్యూజియంలో ఒక్కటీ లేదు. టి, ఆర్, ఏ అంటే యుట్రెక్ట్ టంకశాల. మా పెద్దాయనకి చెప్తే లేచి నిలబడ్డాడు. ఆయన మోకాళ్ళ నొప్పుల మనిషి, ఊరికే నిలబడడు.

ఆ రోజు నేను చూసింది రెండు నాణేలు కాదన్నమాట. ఒక పెద్ద నాణెం, అటు రాళ్ళు. పదేళ్ళ పిల్లాడి జ్ఞాపకం, దాన్ని పట్టుకుని నిన్ను ఏడిపించాను.

ఒక సంగతి దాచకుండా చెప్తాను. రెండు ఉండాలని నేను పట్టుబట్టింది నాణెం మీది ఆశతో కాదు. రెండుంటే, ఒకటి నాన్న నాకోసం దాచి ఉంటాడేమోనని. నేను ఇల్లు వదిలిన రోజు, "నువ్వు నాణేల మీది మొహాలు చూసేవాడివి, నేను బరువులు చూసేవాణ్ణి, మనకి పొసగదు. నీకివ్వడానికి నా దగ్గరేం లేదు" అన్నాడు. ఆ మాట ఆయన వెనక్కి తీసుకున్నాడా లేదా అన్నది తెలియకుండానే ఆయన పోయాడు. ఒకటే అయితే అది నీది. ఆయన్ని చూసుకున్నదానివి నువ్వు. ఇందులో నాకు రెండో మాట లేదు, నిష్ఠూరమూ లేదు.

పెన్సిల్ అచ్చు మాత్రం పంపు. కళ్ళారా చూడాలనుంది.

అన్నయ్య


జూన్ 29

అన్నయ్యా,

మీ బావగారి నడుం కుదుటపడింది. ఇప్పుడు వంగాల్సిన పని ఏది చెప్పినా నడుం పట్టుకుంటున్నారు, అంతే తేడా.

నీ ఉత్తరం చదివి కాసేపు కుట్టు ఆపేశాను. నాన్న ఆ మాట అన్నాడని నాకు తెలియదు. ఆ రోజు నేను మెట్ల మీద కూచుని నీ సంచికి తెగిన పట్టీ కుడుతున్నాను. లోపల గొంతులు వినిపించాయిగానీ మాటలు వినపడలేదు. నువ్వు వెళ్ళాక నాన్న షాపు లోపల గడియ పెట్టుకుని సాయంత్రం దాకా బయటికి రాలేదు. పని చేసుకుంటున్నాడని అనుకున్నాను. ఆ తరవాత నీ పేరు ఎత్తితే లేచి వెళ్ళిపోయేవాడు, కానీ మీ మ్యూజియం గురించి పేపర్లో ఎప్పుడైనా వస్తే ఆ ముక్క కత్తిరించిన చిల్లు మాత్రం పేపర్లో కనిపించేది. ముక్కలు ఏం చేసేవాడో తెలియదు, నాకు దొరకలేదు.

నాణెం నువ్వే తీసుకో. నేను దాన్ని ఏం చేసుకుంటాను, జాకెట్టుకి కుట్టుకోనా? నాకు కావాల్సింది ఒక్కటే. ఇరవై అయిదో తేదీన త్రాసు పరీక్ష గట్టెక్కాలి, పలక మీద నాన్న పేరు చూడాలి. ఈ ఊళ్ళో ఆయన తూకం తప్పన్న మనిషి లేడు. అది నలుగురూ నడిచే చోట రాసి ఉండాలి.

ఇదిగో అచ్చు. పల్చటి కాగితం మీద రుద్దాను, చుట్టూ పెన్సిల్ గీత కూడా గీశాను. టేపు పెట్టి కొలిస్తే సరిగ్గా ఇరవై ఒక్క మిల్లీమీటర్లు. సిపాయి కాళ్ళు కొంచెం వంకరగా వచ్చాయి, అది నా తప్పు కాదు, వాడివి నిజంగానే వంకరకాళ్ళు.

చిట్టి


జులై 5

చిట్టీ,

అచ్చు చేరింది. చక్కగా వచ్చింది. ఏడాదిలో చివరి అంకె అరిగింది, 1781 అనుకుంటున్నాను. సిపాయి కాళ్ళకి నీ పూచీ లేదు.

కానీ ఒక ఇబ్బంది వచ్చిపడింది. నీకు చెప్పకుండా ఉండలేను, చెప్తే ఏమంటావోనని మూడు రోజులు ఆగాను. రెట్టింపు డుకాటు ఇంతకంటే బాగా వెడల్పుగా ఉంటుంది. నీ గీత మామూలు డుకాటుకి అతికినట్టు సరిపోతోంది. నా దగ్గరున్న మామూలు డుకాటుని నీ గీత మీద పెట్టి చూశాను. వెంట్రుకవాసి తేడా లేదు. దళసరిగా ఉందేమో అనుకుందామంటే, అంచు మందంగా ఉంటే బొత్తాలు కుట్టే నీ చేతికి తెలియకుండా ఉండదు. నకలు అనుకుందామంటే, ఏ నకలైనా బంగారం కంటే తేలికగానే ఉంటుంది, రెట్టింపు బరువు ఉండదు.

అంటే వెడల్పు నిజం, బరువు తప్పు. నువ్వు రాళ్ళు లెక్క తప్పావని నేననను, మూడుసార్లు తూచావు. మిగిలింది ఒకటే. నాన్న త్రాసు తప్పు చూపిస్తోంది. ఎందుకో తెలియదు, మూలపడి ఉండి ఏదో వదులైందేమో. నాణేన్ని ఎడమ పళ్ళెంలోకి, రాళ్ళని కుడి పళ్ళెంలోకి మార్చి ఇంకోసారి తూచు. రెండు తూకాలూ ఒకటే వస్తే నేను నోరు మూసుకుంటాను.

అన్నయ్య


జులై 9

అన్నయ్యా,

నన్ను దొంగ అన్నావు, ఊరుకున్నాను. నాన్న త్రాసుని అబద్ధాలకోరు అంటే మాత్రం ఊరుకోను.

ఆయన ఉన్నప్పుడు ఆయన పని నీకు నచ్చలేదు, పోయాక ఆయన త్రాసు నచ్చలేదు. పుస్తకంలో ఉన్న సైజుకి రాలేదని త్రాసుని తప్పుపడతావా? పుస్తకం తప్పై ఉండకూడదా? పదహారు రోజుల్లో కాలేజీవాళ్ళు వస్తారు. ఇప్పుడు ఈ మాట అంటావా? నేను మళ్ళీ తూచను. తూచి నీ అనుమానానికి నేను సాక్ష్యం చెప్పను.

నాణెం గుడ్డలో కట్టి బీరువాలో పెట్టాను. నీకు కావాలంటే మనిషిని పంపించి తీసుకుపో.

చిట్టి అని రాయబుద్ధి కావడం లేదు


జులై 13

చిట్టీ,

నీకు రాయబుద్ధి కాకపోతే నేను రాస్తాను, చిట్టీ, చిట్టీ.

నేను నాన్న మీద గెలవాలని రాయలేదు. గెలిచి ఎవరికి చెప్పుకోను? త్రాసు సరైనదని తేలితే నీకెంత సంతోషమో నాకూ అంతే. కానీ నువ్వు పంపిన కాగితం నా బల్ల మీద ఉంది. ఒక పక్క నీ టేపు, ఇంకో పక్క నాన్న త్రాసు. నీ టేపు నేను నమ్ముతాను. ఇరవై ఏళ్ళుగా నువ్వు కుట్టిన చొక్కా ఏదీ నాకు బిగుతు కాలేదు, వదులూ కాలేదు. నాన్న త్రాసునీ నమ్ముతాను. రెండిట్లో ఒకటి అబద్ధమని నాకు అనిపించడం లేదు. మనకి తెలియనిది ఇంకేదో మధ్యలో ఉంది.

నేను తూచమనకపోయినా ఇరవై అయిదున వాళ్ళు తూస్తారు. వాళ్ళ ముందు తెలిసేకంటే ముందు నీ ఒక్కదానికే తెలిస్తే మంచిది కదా. ఒకే ఒక్కసారి, నాణెం ఎడమ పళ్ళెంలో, రాళ్ళు కుడి పళ్ళెంలో. ఏం వచ్చినా మన ఇద్దరి మధ్యే ఉంటుంది. మీ వదినకి కూడా చెప్పను.

అన్నయ్య


జులై 17

అన్నయ్యా,

షాపులో త్రాసు పక్కనే నిలబడి రాస్తున్నాను, అక్షరాలు వంకరగా ఉంటే సర్దుకుని చదువు. మొదటి నుంచీ చెప్తాను, మధ్యలో ఆపకు.

నీ ఉత్తరం వచ్చాక ఒక రోజంతా దాన్ని మిషను మీద పెట్టుకుని తిట్టుకున్నాను. మర్నాడు పొద్దున షాపుకి వెళ్ళాను. నాణెం ఎడమ పళ్ళెంలో పెట్టాను. ఎన్ని రాళ్ళు వెయ్యాలో చూద్దామని, ముందు రాళ్ళేమీ వెయ్యకుండానే మీట కొంచెం తిప్పాను. ముల్లు కదల్లేదు. నిట్టనిలువుగా నిలబడిపోయింది. ఎడమ పళ్ళెంలో నాణెం ఉంది, కుడి పళ్ళెం ఖాళీ, రెండూ సమానం. అటుపెడితే ఏడు గ్రాములు తూగిన నాణెం ఇటుపెడితే అసలు బరువే లేదు!

నాకు ఏడుపు వచ్చింది. నువ్వు అన్నదే నిజం, నాన్న త్రాసు అబద్ధం చెప్తోంది. ఇంకా ఎనిమిది రోజులే. మేడమ్‌కి ఏం మొహం పెట్టుకుని చెప్పను?

అప్పుడు మనం పుట్టి బుద్ధెరిగాక ఎప్పుడూ చెయ్యని పని ఒకటి చేశాను. నాన్న అనేవాడు గుర్తుందా, "ఖాళీ పళ్ళాలు వదలకండి, దండె ఆనే కత్తి అంచు ఊరికే అరిగిపోతుంది" అని. షాపుకొచ్చిన ఏ త్రాసైనా ఏదో ఒకటి వేశాకే మీట తిప్పేవాళ్ళం. నాణెం తీసేసి, ఖాళీగా వదిలాను. కుడి పళ్ళెం ధడాలున కిందికి దిగింది. ఏమీ లేని పళ్ళెం!

బరువు పైన లేకపోతే కింద ఉండాలి కదా. వంగి చూశాను. కుడి పళ్ళెం అడుగున గుండ్రంగా లక్క ముద్ద, పైసా అంత. లక్క అంచున ఒక చోట పసుపు పచ్చగా మెరుస్తోంది. అన్నయ్యా, రెండోది అక్కడుంది. ఇన్నాళ్ళూ అక్కడే ఉంది. నేను పెట్టిన నాణేనికి కింద అది తోడై రెండూ కలిసి ఏడు గ్రాములు తూగాయి. ఎడమవైపు పెడితే ఒకటికి ఒకటి సరిపోయి సున్నా అయింది. నా టేపూ నిజమే, నాన్న త్రాసూ నిజమే, నువ్వు పదేళ్ళప్పుడు చూసిందీ నిజమే.

తరవాత ఎడమ పళ్ళెం తీసి తిప్పి చూశాను. దాని అడుగున పగిలిన లక్క వలయం, నాణెం వెనకాల ఉన్న నల్ల జిగురు దాంట్లోంచే ఊడింది. ఎండి పట్టు వదిలేసి ఉంటుంది, ఆయన లేకపోయాక తడిమి చూసేవాళ్ళు లేరుగా. ఆ వలయం మధ్యలో సూదితో గీసిన అక్షరాలు ఉన్నాయి. నాన్న ఏ త్రాసు బాగుచేసినా పళ్ళెం కింద తారీఖు గీసేవాడే, అలాగే. "పెద్దాడిది" అని ఉంది. దాని కింద తారీఖు. నువ్వు సంచి తీసుకుని మెట్లు దిగిన రోజు తారీఖు. ఆ సాయంత్రం లోపల గడియ పెట్టుకుని ఆయన చేసిన పని ఇది.

కుడి పళ్ళెం అడుగున లక్క పక్కనే "చిన్నదానిది" అని ఉంది. తారీఖు అదే.

నీకివ్వడానికి ఏమీ లేదన్న మనిషి, అదే రోజు నీది ఒక పళ్ళెం కింద, నాది ఇంకో పళ్ళెం కింద అతికించి, పదకొండేళ్ళు రోజూ రెండూ ఉన్నాయో లేదో వేలితో చూసుకున్నాడు. నోటితో చెప్తే ఏం పోయేది? ఆయన మీద ఇంత కోపం ఎప్పుడూ రాలేదు, ఇంత బెంగా ఎప్పుడూ రాలేదు.

ఇప్పుడు విను. పడిపోయింది నీది. నాది ఇంకా అంటుకునే ఉంది. ఒకటి ఉండి ఒకటి లేకపోతే త్రాసు తప్పే చెప్తుంది. రెండూ తీసెయ్యాలి, లేదా రెండూ అతికించాలి. నాన్న పేరు పలక మీదికి ఎక్కాలంటే రెండూ తీసెయ్యాలి, కాలేజీకి నాణేలతో ఇవ్వలేం. కానీ నువ్వు రాకుండా నాది నేను ఊడదియ్యను. పోస్టులో పంపమనకు, మనిషిని పంపిస్తాననకు. నువ్వే రా. ఈసారి కూచుని మంచినీళ్ళు తాగు.

చిట్టి


జులై 26

అన్నయ్యా,

మనిద్దరం లక్క గీకి నాణేలు తీశాక, నువ్వు తిరిగి బస్సెక్కిన మూడో రోజు మేడమ్ ఇద్దరు మనుషుల్ని వెంటబెట్టుకుని వచ్చింది. ముందు ఖాళీగా వదిలి చూశారు. వద్దండీ కత్తి అరుగుతుందని అనబోయి నాలిక్కరుచుకున్నాను. ముల్లు అటూ ఇటూ ఊగి మధ్యలో ఆగింది. తరవాత రాళ్ళు వేసి, తీసి, పళ్ళాలు మార్చి గంటసేపు చూశారు. మేడమ్ కళ్ళజోడు తుడుచుకుంటూ "నేను చదువుకునేటప్పుడు ఆయన బాగుచేసిన మా త్రాసులూ ఇంతే నికరంగా ఉండేవి" అంది. పలక మీద ఏం రాయించాలని అడిగింది. నాన్న పేరు, కింద "త్రాసులు బాగుచేసేవారు" అని చాలన్నాను.

పళ్ళాల అడుగున గీతలు కనిపించి ఇవేమిటని అడిగారు. "మా ఇంటి లెక్క, చెరపొద్దు" అన్నాను. చెరపబోమని మాట ఇచ్చారు.

బల్ల మీద త్రాసు ఉన్న చోట నాలుగు కాళ్ళ గుర్తులు మిగిలాయి. నా మిషను అక్కడికి జరుపుకున్నాను, వెలుతురు బాగుంది. నా సిపాయి బొత్తాల డబ్బాలో ఉన్నాడు. నీవాడికి చీటీ రాశావా?

మీ బావగారు, నువ్వు మరిచిపోయిన కళ్ళజోడు తనకి సరిపోయిందంటున్నారు. త్వరగా వచ్చి తీసుకెళ్ళు.

చిట్టి


ఆగస్టు 2

చిట్టీ,

కళ్ళజోడు అక్కడే ఉంచు, మళ్ళీ రావడానికి ఒక సాకు ఉంటుంది. సాకు అక్కర్లేదని నువ్వంటావు, తెలుసు.

ఖాళీగా వదిలి చూడాలని నాక్కూడా తట్టలేదు చూడు. మా కరెంటు త్రాసు తన సున్నా తానే చూసుకుంటుంది, అలవాటు పోయింది. అసలు కారణం అది కాదులే. నాన్న వద్దన్నాడు కాబట్టి తట్టలేదు. ఆయనతో అంత గొడవపడి వచ్చినవాణ్ణి, ఆ ఒక్క మాట మాత్రం జవదాటకుండా ఉన్నాను.

పెద్దాయనకి రెట్టింపు కాదు, మామూలుదే అని చెప్పాను. కూచున్నాడు. అయినా నాణెం చేతిలోకి తీసుకుని చూసి, దీన్ని మ్యూజియంకి ఇస్తావా అని అడిగాడు. లేదన్నాను. మరి చీటీ ఎందుకు రాస్తున్నావన్నాడు. నాకోసం అన్నాను. ఇన్ని వేల చీటీలు రాశాను గానీ, దీనికి మాత్రం మూడు చీటీలు పాడుచేశాను. నీకు ఒక నకలు పంపుతున్నాను. నీ దానికి నువ్వే రాసుకో, "దొరికిన చోటు" గడి ఒక్కటి తప్ప అన్నీ ఇవే.

లోహం: బంగారం.
రకం: హాలండు డుకాటు, యుట్రెక్ట్ టంకశాల. బాణాల కట్ట పట్టుకున్న సిపాయి. మా ఇంట్లో చీపురు.
ఏడాది: 1781 కావచ్చు, చివరి అంకె అరిగింది.
బరువు: మూడు గ్రాముల నాలుగు వందల ఎనభై మిల్లీగ్రాములు.
వెడల్పు: ఇరవై ఒక్క మిల్లీమీటర్లు, చెల్లెలి టేపు ప్రకారం.
స్థితి: వెనకవైపు లక్క మరక. తుడవరాదు.
దొరికిన చోటు: త్రాసు, ఎడమ పళ్ళెం కింద.
ఎలా వచ్చింది: నాన్న ఇచ్చాడు.